ఆశ ఉండాలి, లెక్కా ఉండాలి



నేను దాదాపు ముప్పై ఏళ్లుగా బడిలో సోషల్ పాఠాలు చెబుతున్న టీచర్ని. ఏటా మన సొసైటీ సభల్లో పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని పిలుస్తుంటారు. అలాంటి చోట అందరం చెప్పే మాట ఒకటే: "పాజిటివ్‌గా ఆలోచించండి. అంతా మంచే జరుగుతుంది." నేనూ ఎన్నోసార్లు చెప్పాను, చప్పట్లు కూడా పడ్డాయి. 2024 సెప్టెంబరు తర్వాత మాత్రం ఆ మాట అంత తేలిగ్గా నా నోటికి రావడం లేదు. ఎందుకో ఈ వ్యాసంలో చెబుతాను. పాఠంలాగే చదవండి. చివర్లో మన సొసైటీకి పనికొచ్చే విషయాలు కొన్ని ఉన్నాయి.

ఒక తల్లి అడిగిన ప్రశ్నలు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు నీళ్లు విజయవాడ ఉత్తర భాగంలోకి వచ్చాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాల్లో ఇళ్లు నిండిపోయాయి. మరుసటి రోజు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ బ్యారేజీని కట్టింది 11.9 లక్షల క్యూసెక్కుల ప్రవాహాన్ని దృష్టిలో పెట్టుకుని. అంటే దాదాపు అంచు దాకా వచ్చిందన్నమాట. పడవల్లో మనుషుల్ని తెచ్చారు, డ్రోన్లతో ఆహారం పంపారు. బుడమేరు మళ్లింపు కాలువకు పడ్డ గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా సాయం చేసింది. నీళ్లు పూర్తిగా పోవడానికి కొన్ని వీధుల్లో వారం పైనే పట్టింది.

నీళ్లు తీశాక ఒక వీధిలో బాధితులకు ధైర్యం చెప్పడానికి చిన్న సమావేశం పెట్టారు. నేనూ వెళ్లాను. మాట్లాడిన పెద్దమనిషి మంచివారే. "నెగెటివ్ ఆలోచనలు మనసులోంచి తీసేయండి. పోయినదాన్ని తలచుకోవద్దు. రేపటి రోజు బాగుంటుందని నమ్మండి" అన్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఒకామె లేచింది. మా బడిలో చదివిన పిల్ల తల్లి. ఇంట్లో బట్టలు కుట్టి సంసారం నడుపుతుంది.

"అయ్యా, మీరు చెప్పేది బాగానే ఉంది. నా మెషిన్ మోటారు మూడు రోజులు నీళ్లలో ఉంది. ఆరబెడితే పనిచేస్తుందా? మా ఆయన ఆటోకి ఇన్సూరెన్స్ ఉంది, డబ్బులు వస్తాయా? రేషన్ కార్డు, పిల్ల మార్కుల లిస్టు తడిసి ముద్దయ్యాయి. వాటికి ఎక్కడికి పోవాలి?"

సభలో ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు. పక్కనున్నావిడ మాత్రం "పాపం, బాగా దిగులు పడిపోయింది" అంది. నాకు అలా అనిపించలేదు. దిగులు పడిన మనిషి ప్రశ్న వేయదు. మోటారు గురించి అడుగుతోందంటే రేపు మళ్లీ కుట్టాలనుకుంటోందని అర్థం. మార్కుల లిస్టు గురించి అడుగుతోందంటే పిల్లను చదివించాలనుకుంటోందని అర్థం. ఆ సభలో అందరికన్నా ఎక్కువ ఆశ ఉన్నది ఆమెకే. ఆమె దాన్ని ప్రశ్నల రూపంలో చెప్పింది, అంతే.

పాజిటివ్ థింకింగ్ అంటే ఏమిటి?

ఈ మాట ప్రపంచమంతా వ్యాపించడానికి ఒక ముఖ్య కారణం, 1952లో అమెరికాలో నార్మన్ విన్సెంట్ పీల్ అనే మతబోధకుడు రాసిన పుస్తకం. మనసులో విజయాన్ని ఊహించుకుని గట్టిగా నమ్మితే అది దక్కుతుందని ఆయన బోధ సారాంశం. ఆ తర్వాత వచ్చిన వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో, కోచింగ్ సెంటర్ల గోడల మీది రాతల్లో, ఉదయాన్నే ఫోన్లకు వచ్చే సందేశాల్లో ఉన్నది ఎక్కువగా ఆ బోధే.

అందులో నిజం లేకపోలేదు. "నావల్ల కాదు" అని ముందే అనుకున్న పిల్లవాడు పుస్తకం తెరవడు. తెరవనివాడికి మార్కులు రావు. ఆశ మనిషిని పనిలోకి దింపుతుంది. అంతవరకు పాజిటివ్ ఆలోచన మంచిదే.

చిక్కు వచ్చేది ఆ తర్వాత. గాబ్రియేలె ఓటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి దీనిమీదే పరిశోధన చేశారు. కోరిక తీరిపోయినట్టు తియ్యగా ఊహించుకుంటూ కూర్చున్నవాళ్లు, దాన్ని సాధించడానికి తక్కువ శ్రమపడుతున్నారని ఆమె గమనించారు. ఊహలోనే సగం తృప్తి దొరికేస్తుంది కాబట్టి ఒంట్లో కదలిక తగ్గుతుంది. కోరికను తలచుకుని, వెంటనే "దీనికి అడ్డం ఏమిటి?" అని కూడా ఆలోచించినవాళ్లు, ఆ కోరిక సాధ్యమయ్యేదైతే ఎక్కువ పట్టుదలతో పనిచేశారు. సాధ్యం కానిదైతే త్వరగా దారి మార్చుకున్నారు. రెండూ లాభమే కదా!

ఇలాంటిదే ఇంకొక సంగతి. డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 1979లో మనుషుల ఒక అలవాటును చూపించారు. ఏ పనికైనా పట్టే కాలాన్ని, ఖర్చును మనం తక్కువగా అంచనా వేస్తాం. అంతకుముందు అలాంటి పనులకు ఎంత పట్టిందో తెలిసినా సరే, "ఈసారి అలా కాదులే" అనుకుంటాం. ఇల్లు కట్టినవాళ్లకు, పెళ్లి చేసినవాళ్లకు ఇది చెప్పనవసరం లేదు.

వియత్నాం యుద్ధంలో 1965లో శత్రువులకు చిక్కి ఏడేళ్లకు పైగా హనోయ్ జైలులో ఉన్న స్టాక్‌డేల్ అనే అమెరికన్ నౌకాదళ అధికారి అనుభవాన్ని కూడా గుర్తుచేస్తాను. జైల్లో ముందుగా కుంగిపోయినవాళ్లు ఎవరని అడిగితే, అతిగా ఆశపడినవాళ్లే అని ఆయన చెప్పారట. క్రిస్మస్‌కు విడిచిపెడతారని వాళ్లు గట్టిగా నమ్మేవారు. పండగ వచ్చేది, వెళ్లిపోయేది. మళ్లీ ఈస్టర్‌కు అని నమ్మేవారు. అదీ వెళ్లేది. చివరికి గుండె పగిలిపోయేది. ఏదో ఒకనాటికి బయటపడతానన్న నమ్మకం స్టాక్‌డేల్‌కూ ఉంది. అయితే ఈ రోజు తాను జైల్లో ఉన్నానన్న నిజాన్ని ఆయన మరిచిపోలేదు.

మన డెల్టా నేర్పిన పాఠం

ఇంత దూరం వెళ్లక్కర్లేదు. ఈ పాఠం మన కృష్ణా డెల్టా నేల మీదే రాసి ఉంది.

1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఘోరమైన కరువు పట్టింది. పక్కనే కృష్ణానది పారుతోంది, జనం మాత్రం ఆకలితో చచ్చిపోయారు. ఆ తర్వాత 1852-55 మధ్య విజయవాడ దగ్గర నదికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. దాని చలవతోనే ఈ డెల్టా అన్నపూర్ణ అయింది. 1952 వరదలో ఆ ఆనకట్టకు గండి పడింది. "ఇంకెప్పుడూ అంత నీరు రాదులే" అని ఊరుకోకుండా కొత్త బ్యారేజీ కట్టారు. 1957లో పూర్తయిన అదే మన ప్రకాశం బ్యారేజీ.

ఇంకా స్పష్టంగా కనిపించే ఉదాహరణ తుపానులది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. మన వయసువాళ్లకు ఆ రోజులు బాగా గుర్తే. సుమారు పదివేల మంది చనిపోయారు. పదమూడేళ్లకు, 1990 మే 9న, మళ్లీ కృష్ణా ముఖద్వార ప్రాంతంలోనే పెనుతుపాను తీరం దాటింది. గాలి తీవ్రతలో అది తక్కువదేమీ కాదు. అయితే ఈసారి చనిపోయినవారు వెయ్యిలోపే. ఆ వెయ్యి కుటుంబాలకు అదీ తక్కువ దుఃఖం కాదు. అయినా పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడాను చూడాలి.

ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది? 1990లో తీరప్రాంత ప్రజలు 1977 కన్నా పాజిటివ్‌గా ఆలోచించారనా? కాదు. తుపాను వస్తుందని ముందే ఒప్పుకున్నారు. హెచ్చరికలు వెళ్లాయి, తుపాను షెల్టర్లు ఉన్నాయి. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చెడు జరగవచ్చని లెక్కవేసుకున్నందువల్ల వేలమంది బతికారు. "చెడు మాట అనకూడదు" అని పెద్దలు అంటారు. కొన్ని సందర్భాల్లో ఆ చెడు మాటే ప్రాణం కాపాడుతుంది.

బుడమేరు సంగతీ అంతే. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి చేరే వాగు అది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి, వరదను మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. అయితే కృష్ణ కూడా అదే సమయంలో నిండుగా ఉంటే ఆ నీరు నదిలోకి సరిగా పోలేదు. ఈ విషయం దాచిన రహస్యం కాదు. 2005లో కూడా బుడమేరు నగరాన్ని ముంచింది. ఆ నీళ్లు చూసినవాళ్లు మన మధ్య ఎందరో ఉన్నారు. అయినా పంతొమ్మిదేళ్లలో మనం మరిచిపోయాం. ఇళ్లు కొన్నాం, కింది అంతస్తులో మెషిన్లు పెట్టాం, కాగితాలు మంచం కింద ట్రంకు పెట్టెలో దాచాం. "మన వీధికి రాదులే" అనుకున్నాం. ఆ "రాదులే" అన్న మాట వినడానికి పాజిటివ్‌గానే ఉంటుంది. నిజానికి అది మరుపు.

దీన్ ఏం చెబుతోంది?

మన పిల్లల్లో కొందరు, పెద్దల్లో ఎందరో, ముందు జాగ్రత్త అంటే తవక్కుల్ తక్కువని పొరపాటు పడతారు. "అల్లాహ్ చూసుకుంటాడు, లెక్కలెందుకు?" అంటారు. దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చిన ఒకతను, ఒంటెను కట్టేసి అల్లాహ్‌ను నమ్మాలా, వదిలేసి నమ్మాలా అని అడిగినప్పుడు, ముందు కట్టెయ్యి, ఆ తర్వాత నమ్మకం ఉంచు అని ఆయన చెప్పిన సంగతి మనందరం చిన్నప్పటినుంచి విన్నదే. తెలుగువాళ్లు దీన్నే ఇంకోలా అంటారు: గాలిలో దీపం పెట్టి దేవుడా నీవే దిక్కంటే ఎలా? రెండిటి భావం ఒకటే.

యూసుఫ్ (అలై) గాథ చూడండి. ఏడేళ్లు బాగా పండుతుందని, ఆ తర్వాత ఏడేళ్లు కరువని రాజుకు వచ్చిన కలకు ఆయన అర్థం చెప్పారు. అంతటితో ఆగలేదు. పండిన ధాన్యాన్ని వెన్నుల్లోనే ఉంచి దాచమని, తినడానికి కావలసినంతే తీయమని పద్ధతి కూడా చెప్పారు. కరువు వస్తుందన్నది చేదు నిజం. ఆ నిజాన్ని ఒప్పుకున్నందుకే ఊరు ఊరంతా బతికింది.

ఖలీఫా ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో ఉండగా అక్కడ ప్లేగు ఉందని తెలిసి వెనక్కి తిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధిలోకే వెళుతున్నామన్న అర్థంలో ఆయన జవాబిచ్చారు. జాగ్రత్తపడటం విశ్వాసానికి ఎదురు కాదని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

నా వల్ల జరిగిన తప్పు

ఇక నా సంగతి చెబుతాను. ఇతరులకు పాఠం చెప్పేముందు సొంత తప్పు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం మా బడిలో చదివిన ఒక అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. చురుకైన పిల్ల. తండ్రి ఆటో నడుపుతాడు. డాక్టర్ కావాలని కోరిక. నన్ను అడిగితే "నీకు తప్పకుండా సీటు వస్తుంది. నెగెటివ్‌గా అసలు ఆలోచించకు" అన్నాను. మొదటిసారి రాలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరింది. రెండోసారీ రాలేదు. "ఇంకొక్కసారి చూడు తల్లీ" అన్నాను. తండ్రి అప్పు చేశాడు. మూడోసారి కూడా రాలేదు.

ఆ పిల్ల ఆరు నెలలు ఇంట్లోంచి బయటకు రాలేదు. నేను చూడటానికి వెళ్తే, "అందరూ వస్తుందన్నారు టీచర్. రాలేదంటే తప్పు నాదేగా" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. "నమ్మితే జరుగుతుంది" అని చెప్పినప్పుడు, "జరగలేదంటే నువ్వు సరిగా నమ్మలేదు" అని కూడా మనం చెప్పకుండానే చెబుతున్నాం. ఓడిపోయిన పిల్ల మీద ఇంకో నేరం మోపుతున్నాం.

నేను లెక్క చూడలేదు. 2024లో నీట్‌కు దేశమంతా 24 లక్షల మందికి పైగా పేరు నమోదు చేసుకున్నారు. ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త పైన. అందులో ప్రభుత్వ కాలేజీలవి సుమారు సగం. ప్రైవేటు కాలేజీల్లో యాజమాన్య కోటా ఫీజు ఆటో నడిపే ఇంటికి అందేది కాదు. ఈ లెక్క మొదటి ఏడాదే ఆ అమ్మాయి ముందు పెట్టి, "ప్రయత్నించు, గట్టిగా ప్రయత్నించు. దీనితోపాటు బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల దరఖాస్తులు కూడా వేద్దాం" అని ఉంటే, రెండేళ్లూ అప్పూ మిగిలేవి. ఆమె తర్వాత నర్సింగ్‌లో చేరింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, అల్‌హందులిల్లాహ్. అది ఆమె ధైర్యం. అందులో నా గొప్ప ఏమీ లేదు.

వాస్తవం పేరుతో నిరాశ

ఇది చదివి ఎవరైనా "చూశారా, పెద్ద కలలు కనొద్దని టీచరమ్మే అంటోంది" అనుకుంటే పాఠం తలకిందులైనట్టే.

పదో తరగతి మంచి మార్కులతో పాసైన ఒక అమ్మాయి తండ్రి నాతో అన్నాడు: "మనకెందుకు టీచరమ్మా ఈ చదువులు? వాస్తవం చూడండి. పైచదువుకు డబ్బెక్కడిది? సంబంధం చూసేస్తాం." ఆయన దీన్ని వాస్తవం అన్నాడు. నేను ఒక తెల్ల కాగితం తీశాను. "భాయ్, కూర్చోండి, లెక్క వేద్దాం" అన్నాను.

పాలిసెట్ రాస్తే ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా. ఫీజు ఎంత, బస్సు పాస్ ఎంత, పుస్తకాలు ఎంత అని ఒక్కొక్కటి రాశాం. ఏ స్కాలర్‌షిప్‌కు అర్హత ఉందో చూశాం. కింద గీత గీసి కూడితే, మూడేళ్ల ఖర్చు ఆయన పెళ్లి భోజనాలకని అనుకున్న మొత్తంలో సగం కూడా కాలేదు. ఆయన కాగితం వైపు చాలాసేపు చూశాడు. అమ్మాయి పాలిటెక్నిక్‌లో చేరింది.

అంటే ఆయన చెప్పింది వాస్తవం కాదు. లెక్క వేయని భయం అది. లెక్క వేయకుండా "జరుగుతుంది" అనడం ఎంత తప్పో, లెక్క వేయకుండా "జరగదు" అనడమూ అంతే తప్పు. నిజమైన లెక్క ఒక్కోసారి తలుపు మూస్తుంది, ఒక్కోసారి తెరుస్తుంది. ఏది చేస్తుందో వేసి చూస్తే తప్ప తెలియదు.

మన సముదాయంలో తెలియక పోగొట్టుకునే అవకాశాలు ఎన్నో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. అది ముస్లింలందరికీ వర్తించదు. ఏ వర్గాలు జాబితాలో ఉన్నాయో చూసుకోవాలి. జాబితాలో లేని కుటుంబాలకు, ఏటా ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి మిగతా నిబంధనలు సరిపోతే ఈడబ్ల్యూఎస్ కోటా ఉంది. రెండింటికీ సర్టిఫికెట్ ముందే సిద్ధంగా ఉండాలి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక పరుగెత్తితే అందదు. "ఇన్‌షా అల్లాహ్ సీటు వస్తుంది" అనే ఇంట్లో ఆ కాగితం లేకపోతే ఏం లాభం?

దాతలకు మనవి

ఇంతవరకు పిల్లల గురించి, తల్లిదండ్రుల గురించి చెప్పాను. ఇప్పుడు మన గురించి. చనువుతో అంటున్నాను, తప్పయితే మన్నించండి.

స్కాలర్‌షిప్ చెక్కు ఇచ్చే రోజు ఫొటో తీసుకుంటాం. పిల్ల నవ్వుతుంది, మనమూ నవ్వుతాం. మొదటి ఏడాది ఫీజు కట్టేస్తాం. రెండో ఏడాది ఆ పిల్ల కాలేజీకి వెళ్తోందా లేదా అని ఎంతమందిమి అడిగాం? ప్రభుత్వం ఇచ్చే ఫీజు డబ్బు ఆలస్యమైతే హాల్ టికెట్ కోసం ఆ ఇల్లు ఎవరి దగ్గర అప్పు చేస్తోందో మనకు తెలుసా? "ఒకసారి ఆసరా ఇస్తే వాళ్లే నిలబడతారు" అనుకోవడం కూడా లెక్క లేని పాజిటివ్ ఆలోచనే. అందుకే నాలుగు సూచనలు.

మొదటిది: ఏ విద్యార్థికి సాయం మొదలుపెట్టినా కోర్సు చివరి రోజు వరకు అయ్యే మొత్తం ఖర్చును ఒక కాగితం మీద రాయించండి. ఫీజుతోపాటు హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజు, పుస్తకాలు అన్నీ చేర్చండి. పదిమందికి ఒక్కో ఏడాది ఇవ్వడం కన్నా నలుగురిని చివరిదాకా చేర్చడం మేలు కావచ్చు. అలా ఎంచుకోవడం మనసుకు కష్టం. అయినా సగంలో ఆగిన చదువు చేతికి డిగ్రీ ఇవ్వదు, అప్పు మాత్రం ఇస్తుంది.

రెండోది: ప్రతి విద్యార్థితో రెండు దారులు రాయించండి. ఒకటి కోరుకున్నది. రెండోది, అది అందకపోతే పట్టుకునేది. రెండో దారి రాసిన పిల్ల మొదటి దారిలో భయం లేకుండా నడుస్తుంది. ఇది నేను నా తప్పు నుంచి నేర్చుకున్నది.

మూడోది: వాన రాకముందే వరద నిధి ఉండాలి. నీళ్లు వచ్చాక అన్నం పొట్లాలు ఇవ్వడానికి మనవాళ్లు ఎప్పుడూ వెనకాడలేదు, 2024లోనూ ఎందరో ముందుకొచ్చారు. నీళ్లు పోయాక, కెమెరాలు వెళ్లాక, మోటారు బాగు చేయించడానికి, మెషిన్ కొనడానికి డబ్బు కావాలి. నీట మునిగిన ఇంటికి, కింది అంతస్తు అయితే, అప్పట్లో ప్రభుత్వం 25 వేల రూపాయల సాయం ప్రకటించింది. అది ఇంటికి సరిపోతే జీవనోపాధికి మిగలదు. అక్కడే మన ఖర్జె హసనా పనికొస్తుంది. ఏటా వసూలయ్యే దాంట్లో కొంత భాగం దీనికోసం విడిగా ఉంచితే, వరద రాని ఏడాది అది పెరుగుతుంది, వచ్చిన ఏడాది నిలబెడుతుంది.

నాలుగోది చాలా చిన్నది: సభల్లో ధైర్యం చెప్పే ఉపన్యాసంతోపాటు, తెలిసినవాళ్లు కూర్చుని జవాబులిచ్చే ఒక బల్ల కూడా పెట్టండి. ఇన్సూరెన్స్ తెలిసినవారు ఒకరు, సచివాలయం పనులు తెలిసినవారు ఒకరు, మెకానిక్ ఒకరు. ఆ రోజు ఆ తల్లి అడిగిన ప్రశ్నలకు జవాబులు నేను తర్వాత తెలుసుకున్నాను. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉన్న ఆటోకు వరద నష్టం రాదు. సొంత వాహన నష్టానికి కూడా వర్తించే కాంప్రహెన్సివ్ పాలసీ ఉండాలి. మునిగిన బండిని ఆత్రంగా స్టార్ట్ చేయకూడదు, ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఉంటే పూర్తిగా పాడవుతుంది. కుట్టు మెషిన్ మోటారునూ అంతే, మెకానిక్ విప్పి ఆరబెట్టి చూశాకే కరెంటు ఇవ్వాలి. తడిసిన మార్కుల లిస్టుకు డూప్లికేటు దరఖాస్తు చేయవచ్చు. ఇవి ఆ రోజు అక్కడ ఒక్కరు చెప్పి ఉన్నా ఆమెకు గంట ఉపన్యాసం కన్నా ఎక్కువ ధైర్యం వచ్చేది.

ఇంట్లో చేసుకునే అభ్యాసం

పాఠం అన్నాక అభ్యాసం ఉండాలి. ఈ రాత్రి ఇంట్లో అందరూ కూర్చుని ఒక కాగితం మీద నాలుగు వరసలు రాయండి. మన కోరిక ఏమిటి? దానికి ఉన్న అడ్డంకి ఏమిటి? ఆ అడ్డంకికి ఈ వారంలో మనం చేయగల పని ఏమిటి? అది కుదరకపోతే తర్వాతి దారి ఏమిటి? పిల్లల చేత రాయించండి. మొదటి వరస రాయకపోతే మిగతా మూడూ రాయడానికి మనసు రాదు. మిగతా మూడూ రాయకపోతే మొదటిది కాగితం దాటదు. ఆ తర్వాత దుఆ చేయండి. ఒంటెను కట్టేశాం కదా!

ఈ మధ్య వానలు పట్టిన రోజుల్లో ఆ తల్లి ఇంటికి వెళ్లాను. మన సొసైటీ ఖర్జె హసనాతో కొన్న మెషిన్ మీద పిల్లల యూనిఫాంలు కుడుతోంది. గోడ మీద వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయో గీత అలాగే ఉంది, సున్నం వేయించినా ఆ చోట కనబడుతుంది. దానికి రెండు జానల పైన కొత్తగా ఒక అటక వేయించుకుంది. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి అక్కడ దాచింది. వాన గట్టిగా పడితే మెషిన్ మోటారు విప్పి పైన పెడతానంది. "ఇంకా భయంగా ఉందామ్మా?" అని అడిగాను.

"భయం కాదు టీచరమ్మా. మళ్లీ వస్తే ఏం చేయాలో తెలుసు, అందుకని రాత్రి నిద్ర పడుతోంది" అంది.

వాస్తవ దృష్టి ఇచ్చే ఫలితం ఇదేనని నాకనిపిస్తుంది. అది మనిషిని కుంగదీయదు, నిద్రపోనిస్తుంది. మన సాయం అందుకునే ప్రతి ఇంటికీ అలాంటి నిద్ర దక్కేలా చూడటం మన పని. ఆ పనిలో మన చేతులకు బలాన్ని, మన లెక్కల్లో నిజాయితీని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.